మావయ్య చేతి ముక్కలు

మొన్న పెద్ద మావయ్య పెద్దకర్మకి పర్లాకిమిడి వెళ్లాను. భోజనాలయ్యాక పెరట్లో గోలెం దగ్గర చేతులు కడుక్కుంటుంటే వెనకాల ఇద్దరు ఆడవాళ్లు మాట్లాడుకుంటున్నారు. "అన్నేళ్లు ఆ పేక పట్టుకుని ఎంతమంది ఉసురు పోసుకున్నాడో. ఊరికే మంచాన పడతాడేటి మనిషి? చేసుకున్నోడికి చేసుకున్నంత" అంది ఒకావిడ. "కర్మ ఎవలినీ ఒగ్గదమ్మా" అంది రెండో ఆవిడ.

వెనక్కి తిరిగి చూశాను. మొదట మాట్లాడినావిడ ఎవరో గుర్తుపట్టాను. ఏమీ అనకుండా లోపలికి వచ్చేశాను.

మావయ్యకి ఎడమ చెయ్యి, ఎడమ కాలు పడిపోయాయి. చివరి రోజులన్నీ మంచంలోనే గడిచాయి. బీపీ మాత్ర వేసుకోమంటే "రేపట్నుంచి" అనేవాడు. షుగరు ఉందని తెలిసినా జిలేబీ మానలేదు. ఇంత స్పష్టంగా కారణం కళ్ల ముందు ఉంటే పేకముక్కల దాకా వెళ్లడం ఎందుకు? కానీ చావు ఇంట్లో డాక్టరు చెప్పిన కారణం ఎవరికీ చాలదు. ఇంకొకటి కావాలి, అదీ పోయినవాడి నెత్తిన పెట్టగలిగేది అయుండాలి.

విశాఖ వచ్చేశాక కూడా ఆ మాట వదల్లేదు. దాని వెనకే ఆ ఇంటి వసారా, ఆ చాప, స్వెట్టర్ల తాత, అందరూ వచ్చి కూర్చున్నారు.

* * *

మా నాన్నది బదిలీల ఉద్యోగం. అందుకని నన్ను అమ్మమ్మ గారింట్లో ఉంచి చదివించారు. అప్పటికి గజపతి జిల్లా లేదు, మాది గంజాం జిల్లా. మహేంద్రతనయ దాటితే పాతపట్నం, అది ఆంధ్ర. ఇటు మేం, ఒడిశా. 1936లో గీత గీసినవాళ్లు ఏటికి ఇటు ఒక రాష్ట్రం, అటు ఇంకో రాష్ట్రం అన్నారు గానీ మా వీధిలో ఆ తేడా ఇంటికో రకంగా ఉండేది. మా ఇంట్లో తెలుగు, ఎదురింట్లో ఒడియా, మధ్యలో కుళాయి దగ్గర రెండూ.

పెద్ద మావయ్య కోర్టులో గుమస్తా. సాయంత్రం కోర్టు నుంచి వచ్చి, కాళ్లు కడుక్కుని, మరమరాల్లో ఉల్లిపాయ, పచ్చిమిర్చి, ఆవనూనె కలిపి ఒక గిన్నెడు తిని, వసారాలో చాప పరిచేవాడు. ఒకరొకరే వచ్చేవారు. బట్టల కొట్టు ఒడియా ఆయన, ఆస్పత్రి కాంపౌండరు, చిన్న రైలు గార్డు, చలికాలంలో స్వెట్టర్ల తాత. ముక్కలు అతుక్కోకుండా మావయ్య పేకకి పాండ్స్ పౌడరు రాసేవాడు. కరెంటు పోతే అత్తయ్య లాంతరు తెచ్చి చాప మధ్యలో పెట్టేది, పెడుతూ ఒక మాట అనేది, ఆ మాటకి ఎవరూ జవాబు చెప్పేవారు కాదు. ముక్కలు కలిపే ఆ చరచర చప్పుడు వింటూ నేను ఎక్కాలు బట్టీపట్టాను.

ఆడపిల్లలకి ఆటలో చోటు లేదు. కానీ లెక్క రాసే పని నాది. పాత నోటుపుస్తకంలో గళ్లు గీసి, పైన పేర్లు రాసి, ఆట ఆటకీ ఓడినవాళ్ల పాయింట్లు వేసేదాన్ని. పదమూడు ముక్కల రమ్మీ. రెండు పేకలు కలిపి ఆడేవారు. జోకరు లేని వరస ఒకటి తప్పకుండా పడాలి, మావాళ్లు దాన్ని లైఫ్ అనేవారు. అది లేకుండా ఎదుటివాడు తన ముక్కలన్నీ కలిశాయని షో కొడితే చేతిలో ఉన్నదంతా నెత్తిన పడుతుంది. మొదట్లోనే ముక్కలు చూసుకుని వద్దనుకుంటే డ్రాపు, 20. మధ్యలో వదిలేస్తే 40. చివరిదాకా ఉండి మునిగితే ఫుల్ కౌంటు, 80. మావయ్య గడిలో 80లు ఎక్కువ. రాజు, రాణి, జాకీ చేతిలో పెట్టుకుని, ఇంకో ముక్క తప్పకుండా వస్తుందని ఆఖరుదాకా కూర్చునేవాడు. స్వెట్టర్ల తాత గడిలో 20, 20, 20. అప్పుడప్పుడు ఒక సున్నా. అలాంటివాడితో ఆడటం అందరికీ చిరాకు. నెలాఖరుకి చూస్తే మాత్రం ఆయన పెద్దగా పోగొట్టుకున్నది ఉండేది కాదు.

పాయింటుకి అయిదు పైసలు. అది జూదమా కాదా అని అత్తయ్య అడిగినప్పుడల్లా మావయ్య సుప్రీంకోర్టు తీర్పు చెప్పేవాడు. 1967లో సికింద్రాబాదులోని ఒక క్లబ్బు కేసు. రమ్మీ మూడు ముక్కలాట లాంటిది కాదు, పడిన ముక్కలు గుర్తుపెట్టుకోవాలి, ఏది ఉంచుకోవాలో ఏది పడెయ్యాలో తెలియాలి, ఇది నేర్పు మీద నడిచే ఆట అని న్యాయమూర్తులు అన్నారు. మావయ్య ఇది ఎంత గంభీరంగా చెప్పేవాడంటే, ఆ తీర్పు తన కోసమే ఇచ్చారేమో అనిపించేది. ఆట నడిపేవాడు దాని మీద లాభం తీస్తే అది నేరమయ్యే అవకాశం ఉందని అదే తీర్పులో ఉంది. ఆ భాగం మాకు ఎప్పుడూ చెప్పలేదు. నిజానికి ఆయన లాభం తీసిందీ లేదు, అత్తయ్య పెట్టే టీలకే లెక్క సరిపోయేది కాదు.

* * *

చలి మొదలయ్యేసరికి మా జిల్లాలోనే కొండల్లో ఉన్న చంద్రగిరి నుంచి టిబెటన్లు దిగేవారు. 1963లో వాళ్లకి అక్కడ కొండల్లో భూములిచ్చి కాలనీలు కట్టించారు. మిగతా రోజులన్నీ మొక్కజొన్న పండించుకుంటారు, చలికాలం వస్తే ఊళ్ల మీద స్వెట్టర్లు అమ్ముతారు. బజారు చివర తాళ్లు కట్టి రంగురంగుల స్వెట్టర్లు వేలాడదీసేవారు. కొత్త ఉన్ని వాసన, నాఫ్తలీను ఉండల వాసన కలిసి వీధి మొదట్లోనే తెలిసిపోయేది. మా పర్లాకిమిడికి స్వెట్టరు అవసరమయ్యేంత చలి ఎన్నాళ్లుంటుంది గనక? అయినా ప్రతి ఇంట్లో ఒకటి కొనేవారు. ఏటా రంగు వెలిసిపోయిన పాత స్వెట్టరు తెచ్చి గొడవపడేవారు కూడా.

తాత ఒడియా బాగా మాట్లాడేవాడు. తెలుగు ముక్కలు ముక్కలుగా వచ్చేది. దుకాణం కట్టేశాక జపమాల చేతికి చుట్టుకుని మా వసారాకి వచ్చేవాడు. వాళ్ల ఊళ్లో ఆడే పాచికల ఆట ఒకసారి చూపించాడు. చిన్న చెక్క గిన్నెలో రెండు పాచికలు వేసి, తోలుముక్క మీద బోర్లించి ఫట్‌మని కొట్టాలి. కొట్టేముందు కావలసిన అంకె కోసం గట్టిగా అరవాలి. లెక్కకి గవ్వలు. అంత నెమ్మదైన మనిషి ఆ గిన్నె పట్టుకోగానే వీధి చివరికి వినపడేలా అరిచేసరికి అమ్మమ్మ లోపలినుంచి పరుగెత్తుకు వచ్చింది.

ఒక రాత్రి కాంపౌండరుకి వరసగా చెత్త ముక్కలు పడుతున్నాయి. నాలుగు రంగులూ ఉన్నాయి, ఒక్క జతా లేదు. విసుగొచ్చి ముక్కలన్నీ చాప మీద కొట్టాడు. "నా కర్మ! ఏ జన్మలో ఏటి చేసుకున్నానో!"

బట్టల కొట్టాయన ఒడియాలో "కపాళొ, కపాళొ", అంటే నుదుటి రాత అని సానుభూతి చూపించాడు.

తాత తన ముక్కలు సర్దుకుంటూ అన్నాడు, "ఏ జన్మా కాదు. గార్డు బాబు సరిగా కలపలేదు."

అందరూ నవ్వారు, గార్డు తప్ప. నవ్వులయ్యాక తాత చాప మీద చెదిరిన ముక్కలు చూపించి, "ముక్క వచ్చింది. అది నువ్వు చెయ్యలేదు. కోపం వచ్చి విసిరావు. అది నువ్వు చేశావు. మా లామా అదే కర్మ అంటారు" అన్నాడు. కాంపౌండరు "సరే సరే, పంచండి" అన్నాడు. అంతకంటే చర్చ జరగలేదు. నేను ఆయన గడిలో 80 వేశాను. విసిరేస్తే ఫుల్ కౌంటే అని రూలు.

చాలా ఏళ్ల తర్వాత పాలీ సుత్తాల, అంటే బుద్ధుడి బోధల, అనువాదం చదువుతుంటే అంగుత్తర నికాయంలో ఆ మాట దొరికింది. "చేతనాహం భిక్ఖవే కమ్మం వదామి." భిక్షువులారా, చేతననే, అంటే ఉద్దేశాన్నే, నేను కర్మ అంటాను. అనుకుని, సంకల్పించి, శరీరంతోనో మాటతోనో మనసుతోనో చేసేది కర్మ. మనకి వచ్చి పడినది కాదు. వచ్చి పడినదాన్ని పట్టుకుని మనం ఏం చేయబోతున్నామో అది. ఏది ఉంచుకోవాలో ఏది పడెయ్యాలో అన్న చోటే ఆటగాడి పనితనం ఉందని సుప్రీంకోర్టు అనడం, తాత అనడం నాకు ఒకేలా వినిపించాయి. మావయ్యకి చెబితే సంతోషించాడు, సుప్రీంకోర్టుకి బుద్ధుడి సపోర్టు కూడా దొరికిందని.

* * *

అదే ఊళ్లో ఇంకో పేక ఉండేది. గుడి పక్కన మఠం అరుగు మీద ముసలివాళ్లు గంజపా ఆడేవారు. గుండ్రటి ముక్కలు. పాత నూలుగుడ్డని చింతగింజల జిగురుతో పొరలుగా అంటించి, సుద్ద పూసి, గుండ్రంగా కోసి, రంగులు వేసి, లక్క పూత పూస్తారు. మా ఊళ్లో చిత్రకారులు గీసే తీరు వేరు, పూరీ వైపు తీరు వేరు. ఎనిమిది రంగుల పేక ఉంటుంది, పది రంగులది, పన్నెండు రంగులది. రంగుకి 12 ముక్కలు, రాజు, మంత్రి, తర్వాత ఒకటి నుంచి పది. పన్నెండు రంగుల పేకంటే 144 ముక్కలన్నమాట. అంత మందపు ముక్కల్ని చేతుల్లో పెట్టి కలపడం ఎవరి వల్లా కాదు. దుప్పటి మీద బోర్లా పోసి, రెండు చేతులతో కలియబెట్టేవారు. ఆ చప్పుడు మా ఇంటి పేక చప్పుడులా ఉండదు, గలగలా ఉంటుంది.

ఆ ఆటలో నన్ను గమ్మత్తుగా పట్టేసిన సంగతి ఒకటుంది. సగం రంగుల్లో రాజు, మంత్రి తర్వాత పది పెద్దది. మిగతా సగం రంగుల్లో ఒకటి పెద్దది, పది అన్నిటికంటే చిన్నది. చేతిలో పది పడితే సంతోషించాలో ఏడవాలో ముందు రంగు చూసుకుంటే గానీ తెలియదు. నేను పక్కన నిలబడి "తాతా, నీకు అన్నీ పెద్దవే పడ్డాయి" అంటే ఆ ముసలాయన కళ్లెర్రజేశాడు. ఒకటి, నేను చెప్పింది తప్పు. రెండు, ఎదుటివాళ్లకి వినపడేలా చెప్పాను.

దశావతారాల పేక కూడా ఒకటి చూశానని గుర్తు. మా వైపు దశావతారాల బొమ్మల్లో తొమ్మిదోచోట బుద్ధుడి బదులు జగన్నాథుడు కూర్చుంటాడు. ఆయన గుండ్రటి కళ్లు గుండ్రటి ముక్కలో భలే ఇమిడిపోయేవి. ఆ ముసలివాళ్లు పోయాక అరుగు మీద సైకిళ్లు పెడుతున్నారు. గంజపా పేకలు ఇప్పుడు ఫ్రేములు కట్టించుకునేవాళ్లు కొనుక్కుంటారు.

* * *

నాకు బుద్ధుణ్ణి మొదట పరిచయం చేసింది స్వెట్టర్ల తాత కాదు, మా తెలుగు మాస్టారు. ఒక ఏడాది మమ్మల్ని శాలిహుండం తీసుకెళ్లారు. వంశధార ఒడ్డున కొండ మీద ఇటుక స్తూపాలు, చక్రం ఆకారంలో కట్టిన పునాదులు. "ఈ చోటుని 1919లో వెలుగులోకి తెచ్చింది ఎవరనుకున్నారు? మన ఊళ్లో పాఠాలు చెప్పిన గిడుగు రామమూర్తి పంతులుగారే" అని చెబుతుంటే మాస్టారి గొంతు మారిపోయేది. వాడుక భాష, సవర భాష, మళ్లీ ఈ స్తూపాలు, ఒక్క మనిషి ఇన్ని ఎలా చేశాడా అని ఆయన దిగులుపడేవారు. మేం పులిహోర ఎప్పుడు పెడతారా అని దిగులుపడేవాళ్లం.

కొండ మీద కూర్చోబెట్టి ఉప్పు కథ చెప్పారు. ఉప్పుగడ్డ తీసి గ్లాసుడు నీళ్లలో వేస్తే ఆ నీళ్లు నోట పెట్టలేం. అదే గడ్డ గంగలో వేస్తే? బుద్ధుడు గంగ అన్నాడు, మాస్టారు కింద కనబడుతున్న వంశధారని చూపించారు. ఒకే చిన్న పాపం చేసిన ఇద్దరిలో మనసు ఇరుకైనవాణ్ణి అది నరకం దాకా లాగొచ్చు, విశాలమైనవాడికి ఇక్కడే కాస్త తగిలి పోవచ్చు. ఎంత చేస్తే అంత అనుభవించి తీరాలని లెక్కగా చెబితే ఇక మనిషి బాగుపడే దారే లేకుండా పోతుందని అక్కడ బుద్ధుడి మాట.

మాస్టారు మా వసారాకి కూడా వచ్చేవారు, ఆడటానికి కాదు, పేపరు కోసం. ఒకరోజు మావయ్యని ఏడిపించాలని సిగాలుడనే కుర్రాడికి బుద్ధుడు చెప్పిన జూదం నష్టాలు ఏకరువు పెట్టారు. ఆరు నష్టాలు. గెలిస్తే పగవాళ్లు పుడతారు. ఓడితే పోయిన సొమ్ము తలుచుకుని ఏడుస్తాడు. ఉన్న డబ్బు పోతుంది. సభలో మాట చెల్లదు. స్నేహితులు చులకన చేస్తారు. పిల్లనివ్వరు.

మావయ్య ముక్కలు దించకుండానే ఒక్కొక్కటీ తేల్చేశాడు. "గెలిచిందెప్పుడు మాస్టారూ, పగవాళ్లు పుట్టడానికి? నా మాట కోర్టులోనే చెల్లదు, సభదాకా ఎందుకు? పెళ్లయ్యాకే పేక పట్టాను, కాబట్టి ఆరోది కొట్టెయ్యండి." లోపలినుంచి అత్తయ్య, "ముందు తెలిస్తే మా నాన్న ఇచ్చేవాడేటి?" అంది. ఆ రోజు ఆ ఒక్క మాటకి మాత్రం అందరూ జవాబిచ్చారు.

* * *

చిన్న రైల్లో ఆట సంగతి కొంచెం చెప్పాలి. పర్లాకిమిడి రాజావారు వేయించిన లైను, నౌపడ నుంచి మా ఊరికి 1900లో మొదలైంది, 1931లో గుణుపురం దాకా వెళ్లింది. రెండున్నర అడుగుల పట్టాలు. ఎదురెదురు సీట్లలో మోకాళ్లు తగిలేవి. ఆ మోకాళ్ల మీదే తువ్వాలు పరిచి రోజూ తిరిగేవాళ్లు ఆడేవారు. బండి కుదిపినప్పుడల్లా మూసిన పేక జారిపోయేది, జారిన ముక్క ఎవరు చూశారని తగువు. పాతపట్నం వచ్చాక కొత్త ఆట పంచకూడదని రూలు, ఏరు దాటగానే మా స్టేషను గనక. అయినా పంచేవారు. ముక్కలు చేతిలో పట్టుకునే ప్లాట్‌ఫారం మీదికి దిగి, బెంచీ మీద ఆట ముగించి ఇళ్లకి వెళ్లేవారు. 2004లో ఆ బండి ఆగిపోయింది. తర్వాత పెద్ద లైను వేశారు. మొన్న దాంట్లోనే వెళ్లాను. పెట్టె నిండా జనం, ఎవరి ఫోను వాళ్లది. మా మావయ్య మనవడు కూడా ఫోనులోనే రమ్మీ ఆడి బాగానే పోగొట్టుకున్నాడని విన్నాను. ఆంధ్రలో 2020లో ఆన్‌లైన్ రమ్మీని ఆపారు, 2025లో డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ దేశమంతా నిషేధించారు. ఆ కుర్రాడికి ముక్కలు కలపడం ఇప్పటికీ చేతకాదు.

* * *

కుమార పున్నమి రాత్రి మా వైపు నిద్రపోకూడదు. లక్ష్మి తిరిగే రాత్రి. ఆడపిల్లలం వెన్నెట్లో పూచీ ఆడేవాళ్లం, కూర్చుని గెంతే ఆట, మర్నాడు తొడలు పట్టేసేవి. మగవాళ్లు పేక, పాచికలు, గవ్వలు. ఆ రాత్రి ఆడితే తప్పులేదని పెద్దవాళ్లే అనేవారు. పోలీసులు కూడా ఆ రాత్రి మా వీధికి రాలేదని గుర్తు.

ఒక ఏడాది పున్నమికి వసారాలో పాయింటు రేటు పెంచారు. కొత్తగా ఒక కుర్రాడు వచ్చి కూర్చున్నాడు. పై వీధి వాళ్లబ్బాయి, ఎద్దుని అమ్మిన డబ్బు జేబులో ఉందని అందరికీ తెలుసు. మొదట గెలిచాడు. తర్వాత ఆగకుండా పోగొట్టుకున్నాడు. లెక్క రాస్తున్నదాన్ని నేనే కదా, అతని గడి నిండిపోతుంటే నాకే భయం వేసింది. నీళ్లు తాగే చెంబు పట్టుకుంటే చెయ్యి వణుకుతోంది.

నేను మావయ్య వెనక కూర్చున్నాను. ఆయన చేతిలో ఇస్పేటు అయిదు, ఆరు, ఏడు ఉన్నాయి. లైఫ్ పడినట్టే. కుర్రాడు కిందనుంచి ఇస్పేటు తొమ్మిది ఎత్తుకోవడం అందరూ చూశారు. మావయ్య కాసేపు ఆలోచించి, తన వరస విరగ్గొట్టి ఏడు పడేశాడు. కుర్రాడు దాన్ని లాక్కుని షో కొట్టాడు. మావయ్యకి ఫుల్ కౌంటు. ఆ తర్వాత ఆటలో మళ్లీ అలాగే. మళ్లీ. తెల్లవారేసరికి కుర్రాడి డబ్బు కొంచెం తక్కువగా అతని జేబులోకి తిరిగి చేరింది. అతను లేచి ఒళ్లు విరుచుకుని, "పేకంటే ఇదీ" అని వెళ్లిపోయాడు.

నేను మావయ్య వైపు చూశాను. "రాసుకో బుల్లీ, ఎనభై" అన్నాడు. అంతే. ఆ సంగతి ఆయన ఎవరికీ చెప్పలేదు, నేనూ చెప్పలేదు.

కథ ఇక్కడ ఆగితే బాగుండేది. ఆ కుర్రాడు వారం తిరక్కుండా మళ్లీ వచ్చాడు. తనకి ఆట వచ్చని గట్టి నమ్మకం కుదిరింది మరి. మావయ్య మా చాప మీద కూర్చోనివ్వకపోతే ఇంకో చోటికి వెళ్లాడు. అక్కడ ఏడు పడేసేవాళ్లు ఎవరూ లేరు. కొన్నేళ్లలో పొలం పోయింది, మనిషి సూరత్ మిల్లుల్లోకి వెళ్లిపోయాడు. పెరట్లో గోలెం దగ్గర మాట్లాడినావిడ అతని అక్క. వాళ్లింట్లో లెక్క ప్రకారం ఆ పిల్లాడికి పేక అంటించింది మా మావయ్యే, మా వసారాలో, మా చాప మీదే.

ఇప్పుడు దీన్ని ఎలా లెక్కకట్టాలి? ఆ క్షణంలో ఆయన మనసులో ఉన్నదేమిటో నేను కళ్లారా చూశాను. పిల్లాడు మునిగిపోకూడదన్నదే ఆయన ఉద్దేశం. చేతనే కర్మ అయితే అది మంచి కర్మే. దాని వెంట వచ్చింది మాత్రం మంచిది కాదు. రేటు పెంచినప్పుడు ఆయనా ఊ కొట్టాడు కదా అంటే, అదీ నిజమే. కర్మ ఫలితం ఎలా పండుతుందో ఆలోచిస్తూ కూర్చోకండి, ఆలోచించబోతే పిచ్చెక్కుతుంది, అలసటే మిగులుతుంది అని బుద్ధుడు ఒకచోట హెచ్చరించాడు. ఆలోచనకి అందనివి నాలుగని చెప్పి వాటిలో దీన్ని చేర్చాడు. అది తప్పించుకునే జవాబని మొదట చదివినప్పుడు అనుకున్నాను. ఇప్పుడు అలా అనుకోవడం లేదు.

ఆవిడ మాటని పూర్తిగా కొట్టిపారెయ్యడానికి కూడా లేదు. ప్రాణుల్ని హింసించినవాడు రోగిష్టిగా పుడతాడని, పీనాసి దరిద్రుడై పుడతాడని బుద్ధుడు సుభుడనే కుర్రాడికి చెప్పిన సుత్తం ఉంది. అది దాచిపెట్టి బౌద్ధం గురించి మాట్లాడితే అబద్ధమవుతుంది. కానీ అదే బుద్ధుణ్ణి మోళియ శివకుడనే పరివ్రాజకుడు సూటిగా అడిగాడు, మనిషి అనుభవించే సుఖదుఃఖాలన్నీ పూర్వకర్మ వల్లేనంటారు కొందరు, మీరేమంటారు అని. కాదన్నాడు. బాధలకి కారణాలు వరసగా చెప్పాడు. పైత్యం, కఫం, వాతం, మూడూ కలిసిన సన్నిపాతం, రుతువుల మార్పు, ఒంటిని సరిగా చూసుకోకపోవడం, పైనుంచి తగిలిన దెబ్బ. ఎనిమిదోది కర్మ ఫలితం. అంతా పూర్వకర్మే అనేవాళ్లు తమకి స్వయంగా తెలిసినదాన్నీ, లోకమంతా ఎరిగినదాన్నీ దాటిపోయి మాట్లాడుతున్నారన్నాడు.

ఎనిమిదింటిలో చివరిదొక్కటే కర్మ. ఆరోది మా మావయ్యది. బీపీ మాత్ర, జిలేబీ.

పెరట్లో ఇది ఆవిడకి చెప్పగలనా? తమ్ముణ్ణి పోగొట్టుకున్న మనిషికి సుత్తాలు ఒప్పజెప్పే తెలివితక్కువదాన్ని కాను. ఈ నాలుగు ముక్కలూ చదివితే మా బంధువుల్లో మిగతావాళ్లు చదవాలి, ఉసురు, పాపం, అనుభవం అని ఊరికే నోరు పారేసుకున్నవాళ్లు.

* * *

మావయ్య ఇంకా తిరుగుతున్న రోజుల్లో ఒకసారి ఇద్దరం చంద్రగిరి వెళ్లాం. జిరంగ్‌లో పెద్ద ఆరామం కట్టారు, పద్మసంభవ మహావిహారం. 2010 జనవరిలో దలైలామా వచ్చి ప్రారంభించారు. పచ్చటి కొండల మధ్య అంత కట్టడం చూసి మావయ్య నోరు తెరిచేశాడు. లోపల బంగారు రంగు బుద్ధుడి ముందు చాలాసేపు నిలబడ్డాడు. బయటికి వచ్చాక "ఇంత ప్రశాంతంగా ఉంటే పేక ఎవడికి గుర్తొస్తుంది" అన్నాడు. వెంటనే, "మన స్వెట్టర్ల తాత ఇల్లు ఎక్కడో అడుగుదాం" అన్నాడు.

తాత పోయి చాలా కాలమైందట. ఆయన కొడుకు రోడ్డు మీద మోమోల దుకాణం పెట్టుకున్నాడు. మమ్మల్ని కూర్చోబెట్టి, డబ్బులు వద్దని చెప్పి, ప్లేటు నిండా పెట్టాడు. మావయ్య ఒడియాలో పాత కబుర్లన్నీ విప్పాడు. చిన్న రైలు, కాంపౌండరు, పాచికల గిన్నె. కొడుకు నవ్వుతూ వింటున్నాడు. వింటూ వింటూ అన్నాడు, "కోర్టు బాబు మీరేనా? మా నాన్న మీ గురించి చెప్పేవారు. పర్లాకిమిడిలో కోర్టు బాబుకి ముక్కలు బాగానే వచ్చేవి, డ్రాపు చెయ్యడం మాత్రం రాదు అనేవారు."

మావయ్య మొహం మాడిపోయింది. మోమో సగంలో ఆపేశాడు.

బస్సు ఘాట్ రోడ్డులో తిరుగుతున్నంతసేపూ నాతో వాదన. ముక్కలు బాగా వచ్చేవట! ఎప్పుడొచ్చాయి? అయిదారు నెలలు జోకరు మొహం చూడని రోజులున్నాయి. లెక్క నువ్వే రాసేదానివి కదా, చెప్పు. ఆయనకేం, ఇరవై పడేసి చేతులు ముడుచుకుని కూర్చునేవాడు, అదీ ఒక ఆటేనా? అందరూ డ్రాపు చేస్తే షో ఎవడు కొడతాడు? నేను కిటికీ వైపు తిరిగి నవ్వు ఆపుకుంటున్నానని కనిపెట్టి ఇంకా రెచ్చిపోయాడు. ఉదయగిరిలో బస్సు టీకి ఆగింది. నేను దిగేలోపలే ఆయన దిగి, ముందు సీటు ఒడియా ఆయన్ని పట్టుకుని, పదమూడు ముక్కలూ వేళ్ల మీద లెక్కపెడుతూ కథంతా మొదట్నుంచీ చెప్పడం మొదలుపెట్టాడు. ఆ పెద్దమనిషి టీ గ్లాసు పట్టుకుని శ్రద్ధగా విని, అంతా అయ్యాక అడిగాడు, జోకరంటే ఏమిటని.